లేటు మృదంగానిది కాదు: ఒక హోమ్ రికార్డింగ్ కేసు

ఫోన్ చేసింది మనవడు. "సార్, తాతగారి ట్రాకులు తాళంలో కూర్చోవడం లేదని మళ్లీ తిప్పి పంపారు. ఈ మాట ఆయనకు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఒకసారి వచ్చి చూస్తారా?"

తాతగారు తెనాలిలో ఉండే మృదంగ విద్వాంసులు. నలభై ఏళ్లకు పైగా కచేరీలు చేసిన చెయ్యి. ఈమధ్య ప్రయాణాలు తగ్గించుకుని, పైఅంతస్తు గదిలో కూర్చుని ఇంటి నుంచే రికార్డింగులు చేస్తున్నారు. గాత్రం, వయొలిన్ ట్రాకులు మెయిల్లో వస్తాయి. వాటిని చెవిలో వింటూ ఈయన వాయిస్తారు. మనవడు ఆ ఫైళ్లు తిరిగి పంపిస్తాడు. నాలుగు కీర్తనలు అలా వెళ్లాయి. నాలుగూ వెనక్కొచ్చాయి, అన్నింటికీ కలిపి ఒకే వ్యాఖ్యతో: కొన్ని చోట్ల వెనకబడుతోంది, కొన్ని చోట్ల ముందుకొస్తోంది.

విజయవాడలో నాకు చిన్న స్టూడియో ఉంది. అందులో వచ్చేదానికంటే ఇళ్లలో ఇలాంటి సెటప్పులు సరిచేసి సంపాదించేదే ఎక్కువ. అన్నేళ్లు వాయించిన మనిషి ఆదితాళంలో జారారంటే నేను ముందు కంప్యూటర్నే అనుమానిస్తాను. పైగా ఆ వ్యాఖ్యలో ఒక ఆనవాలు దొరికింది. ట్రాకంతా ఒకే కొలతతో వెనకబడితే అది యంత్రం పని. ఒకచోట ముందు, ఒకచోట వెనక అంటే మనిషి కూడా దేనితోనో కుస్తీ పడుతున్నాడన్నమాట. ఇక్కడ రెండూ కలిసి ఉన్నాయేమో అనిపించింది.

వెళ్లేసరికి కనిపించినవి ఇవి: మామూలు విండోస్ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, రెండు ఇన్‌పుట్లున్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకులను కంప్యూటర్‌కు కలిపే పెట్టె. ఆ ఇంటర్‌ఫేస్, మౌస్ డాంగిల్, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ మూడూ ఒకే హబ్బుకు వేలాడుతున్నాయి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్. మైకులు రెండు, కుడివైపు కరణకు (నల్లమచ్చ ఉన్న మొహం) ఒకటి, తొప్పికి (ఎడమ మొహం) ఒకటి. మనవడు తెలివైనవాడు, తనకు తెలిసినంతలో అన్నీ ప్రయత్నించాడు. మొదట్లో తాతగారికి బ్లూటూత్ నెక్‌బ్యాండ్ పెట్టాడట. అది ఎంత నష్టమో రెండు రోజుల్లో తెలిసొచ్చి వైరు హెడ్‌ఫోన్ కొన్నాడు. మామూలు బ్లూటూత్‌లో 150 నుంచి 200 మిల్లీసెకన్ల ఆలస్యం సర్వసాధారణం, ఆ సంగతి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు కూడా. తర్వాత బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు అందుకునే ధ్వని ముద్ద) తగ్గిస్తే ఆలస్యం తగ్గుతుందని ఎక్కడో చదివి తగ్గించాడు. చిటపటలు మొదలయ్యాయి. భయపడి 1024 శాంపిళ్లకు పెంచి అక్కడే వదిలేశాడు.

ఏ సెట్టింగూ ముట్టుకోకుండా ముందు ఆయన్ని వాయించమన్నాను. ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) అయ్యాక హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టారు.

"నేను కొట్టేది ఒకటి, చెవిలో పడేది ఇంకోటి. నా వెనకాల శిష్యుడెవడో కూర్చుని నన్ను అనుకరిస్తున్నట్టుంది బాబూ."

ల్యాటెన్సీకి, అంటే ఈ ఆలస్యానికి, ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ మాన్యువల్లోనూ చదవలేదు.

ముందు కొలత

ఇలాంటి కేసుల్లో చాలామంది చేసే తప్పు, కొలవకుండా సెట్టింగులు మార్చడం. పది మార్చాక ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరికీ తెలియదు. కొలవడానికి కావాల్సింది ఒక చిన్న కేబుల్, అంతే. ఇంటర్‌ఫేస్ వెనకున్న లైన్ అవుట్‌పుట్ నుంచి ముందున్న లైన్ ఇన్‌పుట్‌కు కలిపి, ఒక ట్రాకులో టకటకమనే క్లిక్ పెట్టి, ఆ క్లిక్‌నే రెండో ట్రాకులోకి రికార్డు చేస్తాం. దీన్ని లూప్‌బ్యాక్ అంటారు. డైరెక్ట్ మానిటర్ నాబ్, సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ రెండూ ఆపేసి, గెయిన్ బాగా తగ్గించి చేయాలి. లేకపోతే ఆ కీచు మీ చెవిలో రెండు రోజులుంటుంది.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఊరికే ఉండదు. ధ్వని బయటికి వెళ్లడానికి ఇంత, లోపలికి రావడానికి ఇంత పడుతుందని డ్రైవర్ (ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాం) చెబితే, రికార్డైన ముక్కను అంత మేరా ముందుకు జరిపి టైమ్‌లైన్ మీద పెడుతుంది. డ్రైవర్ నిజం చెబితే రెండు క్లిక్కులూ ఒకదాని కింద ఒకటి గీత గీసినట్టు నిలబడాలి.

నిలబడలేదు. బాగా జూమ్ చేసి చూస్తే రెండో క్లిక్ 705 శాంపిళ్లు కుడివైపుకు ఉంది. ప్రాజెక్టు 44,100 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు అన్ని శాంపిళ్లుగా ధ్వనిని కొలుస్తూ, ఉంది కాబట్టి అది 16 మిల్లీసెకన్లు. మూడుసార్లు తీశాను, మూడుసార్లూ 705. తయారీదారు ఇచ్చిన డ్రైవర్ వేసుకోకుండా, ఏ కార్డుకైనా పనికొచ్చే ఉచిత జనరిక్ డ్రైవర్ ఒకటి వేసి ఉంది. వెళ్లడానికి 1024, రావడానికి 1024, మొత్తం 2048 శాంపిళ్లని అది సాఫ్ట్‌వేర్‌కు చెబుతోంది. లోపల విండోస్, యూఎస్‌బీ దాచుకునే అదనపు బఫర్లు, ఇంటర్‌ఫేస్‌లో ధ్వనిని అంకెలుగా మార్చే చిప్పు తీసుకునే సమయం ఆ లెక్కలో లేవు. అసలు మొత్తం 2753 శాంపిళ్లు, అంటే 62 మిల్లీసెకన్లు.

అంటే తాతగారు సమం (తాళం మొదలయ్యే చోటు) మీద సరిగ్గా కొట్టినా, ఫైల్లో ఆ దెబ్బ 16 మిల్లీసెకన్లు వెనక పడుతోంది. ప్రతి దెబ్బా అంతే. నేరం సగం ఇక్కడే తేలిపోయింది.

మిగతా సగం

పదహారు స్థిరంగా ఉంటే, ముందుకూ వెనక్కూ ఊగడం ఎక్కడిది? అది ఆయన చెవిలో పడేదాని వల్ల.

నేను 62 కొలిచింది ఖాళీ ప్రాజెక్టులో. మనవడు వాడే టెంప్లేటు తెరిస్తే మాస్టర్ ట్రాకు (అన్ని ట్రాకులూ కలిసే చోటు) మీద లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ అనే, ధ్వని రంగు సర్దే ప్లగిన్ ఒకటి కూర్చుని ఉంది. ఇలాంటి ప్లగిన్లు రాబోయే ధ్వనిని ముందే చూసి పనిచేస్తాయి. కంప్యూటర్‌కు భవిష్యత్తు చూసే వరం లేదు కాబట్టి, చూడాలంటే ధ్వనిని ఆపి ఉంచాలి. ఇది ఆపేది 3072 శాంపిళ్లు, దాదాపు 70 మిల్లీసెకన్లు. రీపర్ ఆ అంకెను ఎఫెక్టుల కిటికీ అడుగున చూపిస్తూనే ఉంటుంది, ఎవరూ చూడరు. 62కు 70 కలిపితే 132.

ఇది ఎంత దూరమో చెబితేనే తెలుస్తుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు. వేదిక మీద గాయకుడికీ మృదంగానికీ మధ్య రెండు మీటర్లుంటే 6 మిల్లీసెకన్లు. ఎవరూ ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. 132 అంటే 45 మీటర్లు. తన మృదంగం తన ఒళ్లో కాదు, వీధి చివర గుడి మండపంలో మోగుతున్నట్టు.

లయలో పెట్టి చూస్తే ఇంకా ఘోరం. ఆ కీర్తన వేగం నిమిషానికి 80 అక్షరాలు, అక్షరమంటే తాళంలో ఒక లెక్క. అంటే ఒక్కో అక్షరానికి 750 మిల్లీసెకన్లు. అక్షరానికి నాలుగు వాయిస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య 187, ఎనిమిదికి వెళ్తే 94. తీర్మానం (ముగింపు వాయింపు) దగ్గర ఆయన ఎనిమిదికి వెళ్లగానే, రెండో దెబ్బ కొట్టేశాక మొదటి దెబ్బ చెవిలో పడుతోంది. మృదంగం గట్టి వాయిద్యం, హెడ్‌ఫోన్ పెట్టుకున్నా అసలు శబ్దం వినపడుతూనే ఉంటుంది. చేతి కింద ఒక మృదంగం, చెవిలో ఇంకొకటి. చెవిలో దాన్ని పాటకు కలపాలని తొందరపడితే ముందుకు పోతారు. అది వచ్చేదాకా ఆగితే వెనకబడతారు. ఆయన రెండూ చేశారు, చోటును బట్టి. పాత ఫైలు తెరిచి క్లిక్‌తో పోలిస్తే కొన్ని సమాలు 9 మిల్లీసెకన్లు ముందు, కొన్ని 48 వెనక ఉన్నాయి.

ఇది నా ఊహ కాదనడానికి ఆ నాలుగు కీర్తనల్లోనే సాక్ష్యం దొరికింది. మొదటి రెండూ పంపినప్పుడు ఆయన కచేరీ అలవాటుతో ఒక చెవికి హెడ్‌ఫోన్ తీసేసి, ఇంకో చెవిలో పాట మాత్రం పెద్దగా పెట్టుకుని వాయించారట. ఆ రెండు ఫైళ్లలో ఊగిసలాట దాదాపు లేదు. మొదటి నుంచి చివరిదాకా 16 అటూఇటూ వెనక, అంతే. పాట శబ్దం మైకులోకి కారుతోందని ఎవరో అంటే తర్వాతి రెండింటికీ రెండు చెవులూ మూశారు. ఊగడం అక్కడి నుంచే మొదలైంది.

బఫర్ మీద పోయిన పూట

ఇప్పుడు మామూలు వైద్యం. జనరిక్ డ్రైవర్ తీసేసి, ఇంటర్‌ఫేస్ తయారీదారు సైటు నుంచి వాళ్ల సొంత ఏసియో డ్రైవర్ వేశాను. ఏసియో అనేది 1990ల చివర్లో స్టైన్‌బర్గ్ కంపెనీ తెచ్చిన పద్ధతి. విండోస్ మిక్సర్‌ను పక్కన పెట్టి సాఫ్ట్‌వేర్ నేరుగా కార్డుతో మాట్లాడుతుంది. విండోస్ విస్టా నుంచి విండోస్ సొంత పద్ధతి వసాపీ కూడా ఉంది, ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో అదీ పర్వాలేదు, కానీ సొంత ఏసియో ఉన్నప్పుడు దాని జోలికి పోను. మ్యాక్ వాళ్లకు కోర్ ఆడియో ఉంది కాబట్టి ఈ పాట్లు తక్కువ. ఇంటర్‌ఫేస్‌ను హబ్బు నుంచి పీకి నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టాను. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్. యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆఫ్. పాటలు పంపేవాళ్లు 48,000 అడుగుతున్నారు కాబట్టి ప్రాజెక్టు, కార్డు, విండోస్ మూడూ 48,000కు మార్చాను.

ఛార్జర్ పెట్టగానే మైకులో గుయ్యిమని హమ్. ఎర్త్ ఉన్న ఒకే బోర్డుకు అన్నీ పెడితే పోయింది. ఈ కేసుతో దానికి సంబంధం లేదు గానీ, బ్యాటరీ మీద ల్యాప్‌టాప్ వేగం తగ్గుతుందని ఛార్జర్ పెట్టించే ప్రతి ఇంట్లో ఇది ఎదురవుతుంది.

బఫర్ 128కి దించాను. చిటపట. మనవడు నావైపు చూసి, "చెప్పానుగా సార్" అన్నాడు.

బఫర్ 128 అంటే 48,000లో 2.7 మిల్లీసెకన్లు. ప్రతి 2.7 మిల్లీసెకన్లకూ ప్రాసెసర్ వచ్చి ఒక ముద్ద ధ్వనిని అందించి వెళ్లాలి. ఒక్కసారి ఆలస్యమైనా చెవికి చిటుక్కుమంటుంది. ప్రాసెసర్ ఎంత వేగవంతమైనదన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. టాస్క్ మేనేజర్‌లో పది శాతం కూడా చూపించడం లేదు. మధ్యలో దాన్ని ఎవరు పట్టుకుని కూర్చోబెడుతున్నారన్నదే ప్రశ్న. అది తెలుసుకోవడానికి ల్యాటెన్సీమాన్ అనే ఉచిత టూల్ పెట్టి పది నిమిషాలు వదిలేశాను. నెట్‌వర్క్ వైపు నుంచి అప్పుడప్పుడూ 3400 మైక్రోసెకన్ల ఆటంకం వస్తోంది. అంటే 3.4 మిల్లీసెకన్లు, మన గడువు 2.7. వైఫై ఆఫ్ చేస్తే అదే అంకె 300 దరిదాపులకు పడిపోయింది. చిటపట ఆగింది.

మళ్లీ లూప్‌బ్యాక్. ఈసారి మొత్తం 446 శాంపిళ్లు, 9.3 మిల్లీసెకన్లు. డ్రైవర్ చెప్పింది 438. తేడా ఎనిమిది శాంపిళ్లు, చెవికి అందని తేడా. మాస్టర్ మీద ప్లగిన్ తీసేశాం. 132 నుంచి 9.3కు వచ్చాం. ఈ పాటికి తొప్పి మీద నాదం నిండుగా రావడానికి అద్దిన బొంబాయి రవ్వ ముద్ద రెండుసార్లు ఎండిపోయింది. తాతగారు ఓపిగ్గా గీకేసి, కొత్త ముద్ద తడిపి అద్ది, బొటనవేలితో గుండ్రంగా నొక్కి, శ్రుతి చూసుకుని కూర్చున్నారు.

వాయించారు. ఆపారు.

"శిష్యుడు పోయాడు. కానీ ఇదేమిటి, నా మృదంగం రేకు డబ్బాలో మోగుతోంది?"

నేను నాలుక కరుచుకున్న క్షణం అది. 9 మిల్లీసెకన్లు కీబోర్డు వాయించేవాడికి ఏమీ కాదు. కానీ హెడ్‌ఫోన్ దాటి నేరుగా వచ్చే శబ్దం, 9 మిల్లీసెకన్ల తర్వాత వచ్చే దాని నకలు, రెండూ చెవిలో కలిస్తే కొన్ని స్వరాంశాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తొప్పి మీద తోం అన్నప్పుడు రావాల్సిన నిండుదనమే పోతుంది. పాడేవాళ్లకూ ఇదే బాధ, వాళ్ల గొంతు ఎముకల గుండా కూడా వినపడుతుంది కాబట్టి. ఆలస్యం తగ్గేకొద్దీ ప్రతిధ్వని పోయి డబ్బా శబ్దం మొదలవుతుంది. బఫర్ ఎంత దించినా ఇది పూర్తిగా పోదు.

నాబ్

పోవాలంటే ఆయన శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి రావడం మానేయాలి. ఆ ఇంటర్‌ఫేస్ ముందు వైపే డైరెక్ట్ మానిటర్ అనే నాబ్ ఉంది. తిప్పితే మైకు శబ్దం కంప్యూటర్ గడప తొక్కకుండా పెట్టెలోంచే హెడ్‌ఫోన్‌కు పోతుంది, ఆలస్యం లేనట్టే. రీపర్‌లో ఆ రెండు ట్రాకుల రికార్డ్ మానిటరింగ్ ఆఫ్ చేశాను, లేకపోతే రెండూ వినపడి మళ్లీ శిష్యుడు వచ్చేస్తాడు. పాట కంప్యూటర్ నుంచి, మృదంగం పెట్టె నుంచి. నాబ్‌ను పాటవైపు కొంచెం, మృదంగంవైపు కొంచెం తిప్పి ఆయనకు నచ్చిన చోట పెన్సిల్‌తో గీత పెట్టాను.

ఆ పని చేశాక నాకు తట్టిన సంగతి నా వృత్తికి అంత గౌరవం తెచ్చేది కాదు. డైరెక్ట్ మానిటరింగ్‌లో ఉన్నప్పుడు బఫర్ 128 ఉన్నా 1024 ఉన్నా వాయించే మనిషికి తేడా లేదు. పాట కాస్త ఆలస్యంగా వినిపిస్తే ఆ మేరకు సాఫ్ట్‌వేర్ వెనక్కు లెక్కకట్టి సరిచేస్తుంది, డ్రైవర్ నిజం చెబితే చాలు. నేను పూటంతా 128 కోసం పోరాడాను, ఈ మనిషికి అది అవసరమే లేదు. బఫర్ తీసుకెళ్లి 512లో పెట్టాను. 512లో వైఫై ఆన్‌లో ఉన్నా చిటపట లేదు. ఎవరైనా ఫోన్ చేసి ఫైల్ పంపమంటే పంపొచ్చు, రికార్డింగ్ మధ్యలో వైఫై ఆపడం మర్చిపోయామన్న భయం లేదు. 512 దగ్గర లూప్‌బ్యాక్ తీస్తే తేడా అదే ఎనిమిది. రీపర్ ప్రిఫరెన్సెస్‌లో రికార్డింగ్ పేజీలో, డ్రైవర్ చెప్పిన లెక్క వాడే టిక్ అలాగే ఉంచి, ఇన్‌పుట్ మాన్యువల్ ఆఫ్‌సెట్‌లో ఆ ఎనిమిది వేశాను. ఎనిమిదికి అక్కర్లేదు, తెలుసు. అంకె సున్నాకు రావడం చూడాలని మనవడి కోరిక.

పోరాటం పూర్తిగా వృథా మాత్రం కాలేదు. మనవడు మిడి కీబోర్డు మీద సాఫ్ట్‌వేర్ పియానో వాయిస్తాడు. అక్కడ శబ్దం పుట్టేదే కంప్యూటర్‌లో, డైరెక్ట్ మానిటర్ నాబ్ చేసేదేమీ లేదు. అతనికి 128, వైఫై ఆఫ్. తాతగారికి 512, నాబ్. రెండు టెంప్లేట్లు చేసి, మాస్టర్ మీద ఏ ప్లగిన్ లేకుండా సేవ్ చేశాను. లీనియర్ ఫేజ్ ముచ్చట ఉంటే మిక్సింగ్ రోజు తీర్చుకోమన్నాను.

ఇంకో చిన్న మార్పు. గదిలో ధ్వని బాగుంటుందని మైకుల్లో ఒకటి మీటరు దూరంలో పెట్టారు. మీటరంటే 3 మిల్లీసెకన్లు, నేను చెమటోడ్చి సాధించిన ఒక బఫరంత. రెండు మైకుల మధ్య ఆ తేడా ఉంటే కలిపినప్పుడు మళ్లీ డబ్బానే. రెండింటినీ ముప్ఫై సెంటీమీటర్లకు తెచ్చాం.

పాత ట్రాకులు

మొదటి రెండు కీర్తనల్లో లోపం స్థిరంగా ఉంది కాబట్టి, ట్రాకులను ఎంచుకుని 705 శాంపిళ్లు ముందుకు జరిపాను. రెండు క్లిక్కుల పని. వాయింపులో ఒక్క దెబ్బ ముట్టుకోలేదు. తర్వాతి రెండూ అలా బాగుపడేవి కావు. ఒక్కో దెబ్బను కోసి గ్రిడ్‌కు అంటించే టూల్స్ ఉన్నాయి, మనవడు అడిగాడు కూడా. నేను వద్దనేలోపే తాతగారు మృదంగం ఒళ్లోకి తీసుకున్నారు. ఫ్యాన్ ఆపించి, తలుపు వేయించి, రెండూ వరసగా వాయించారు. కొలిచి చూశాను. సమాలన్నీ క్లిక్‌కు అటూఇటూ 8 మిల్లీసెకన్లలోపే ఉన్నాయి. ఆ కాస్త తేడా కూడా పల్లవి ఎత్తుగడ దగ్గర ప్రతిసారీ ఒకేలా వెనక్కు ఒరుగుతోంది. అది తప్పు కాదు, గాయకుడు అక్కడ సాగదీస్తున్నాడు, ఈయన ఆయనతో వెళ్తున్నారు.

నాలుగు ఫైళ్లూ ఆ రాత్రే వెళ్లాయి. మళ్లీ వెనక్కు రాలేదు. ట్రాకులు అంతకుముందు ఎందుకు తిప్పి పంపారో ఆయనకు ఇంట్లో ఎవరైనా చెప్పారో లేదో నేను అడగలేదు.

రెండు నెలల తర్వాత మనవడు మళ్లీ ఫోన్ చేశాడు. విండోస్ అప్‌డేట్ తర్వాత డ్రైవర్ కొత్తది పడిందట, లూప్‌బ్యాక్ చేస్తే తేడా 31 వచ్చిందట. ఏం చేశావన్నాను. "ఆఫ్‌సెట్ మార్చేశాను సార్, మీకు చెబుదామని ఊరికే చేశాను" అన్నాడు. కేబుల్ ఎక్కడుందని అడిగితే, తాతగారు దాన్ని మృదంగం గవిసెన తగిలించే మేకుకే తగిలించుకున్నారని చెప్పాడు.